ఆడవాళ్ళ ఆట మధ్యాహ్నం రెండింటికి

ఆటల క్లబ్బులో చేరానంటే మిత్రులు, "పరిశోధన కోసమేనా?" అని అడిగారు. కాదు, ఆడుకోవడానికే. నలభై ఆరేళ్ళ వయసులో ఆ మాట చెప్పడానికి నాకే సిగ్గనిపించింది. మన సమావేశాల్లో కూలిరేట్లు, గృహహింస, ఆస్తిహక్కు గురించి మాట్లాడుకుంటాం. తీరిక గురించి మాట్లాడం. మిగతావన్నీ సాధించుకున్నాక అడగాల్సిన హక్కేదో అది అన్నట్టు!

ఉద్యోగరీత్యా నేనుండేది ఇంగ్లండు మిడ్‌లాండ్స్‌లో. మా వీధి చివర లాన్ బౌల్స్ క్లబ్బు ఉంది. చదునైన పచ్చిక మీద బరువైన బంతిని దొర్లించి, అవతల ఉన్న 'జాక్' అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా చేర్చాలి. బంతి ఆకారం వల్ల అది నేరుగా పోదు, వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు వంపు తిరుగుతుంది. కండబలం కన్నా అంచనా ముఖ్యం. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలప్పుడు, మాకు దగ్గర్లోని లెమింగ్టన్ స్పాలో, లవ్లీ చౌబే, పింకీ సింగ్, నయన్‌మోని సైకియా, రూపా రాణి టిర్కీ దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి బంగారు పతకం గెలిచారు. ఈ ఆటలో భారతదేశానికి అదే తొలి పతకం. నన్ను ఆ గేటు లోపలికి నడిపించింది వాళ్ళే.

ఇంత బలంతో పనిలేని ఆటలో కూడా స్త్రీపురుషుల్ని వేరుచేశారు. ఇంగ్లండులో పురుషుల సంఘం 1903లో, స్త్రీల సంఘం 1931లో ఏర్పడ్డాయి. రెండూ కలిసింది 2008లో. కామన్వెల్త్ క్రీడల్లో 1930లోనే మగవాళ్ళు ఆడిన ఈ ఆట ఆడవాళ్ళకు 1982లో గానీ దక్కలేదు. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం, ఇరువురినీ చేర్చుకునే క్లబ్బు స్త్రీలకు తక్కువరకం సభ్యత్వం ఇవ్వకూడదు. కాబట్టి నాకూ ఓటుంది. చందా కూడా సమానమే.

గోడ మీది పట్టికలో మాత్రం స్త్రీల పోటీ మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, పురుషులది బుధవారం సాయంత్రం ఆరింటికి. ఆడవాళ్ళు పగలంతా ఇంట్లోనే ఉంటారు, సాయంత్రానికి వంట చూసుకోవాలి అనుకున్న కాలపు ఏర్పాటిది. ఉద్యోగం చేసే స్త్రీ పూర్తి చందా కట్టినా ఆమెకు ఆడే పూట లేదు. మా మహిళా సభ్యులు దాదాపు అందరూ పింఛనుదార్లే. వయసులో ఉన్నవాళ్ళకు ఆసక్తి లేదని కమిటీ అంటుంది!

ఇక టీ సంగతి. పురుషుల పోటీ రోజున కూడా టీ, శాండ్‌విచ్‌ల వంతుల్లో ఉండేవి స్త్రీల పేర్లే. చేరిన మూడో వారానికే నా పేరూ ఎక్కింది. సమోసాలు చేయమని ప్రేమగా అడిగారు. చేశాను, ఒప్పుకుంటున్నాను. పరాయిచోట కలుపుకున్నారన్న కృతజ్ఞత మన చేత చాలా చేయిస్తుంది.

వార్షిక సమావేశంలో సాయంత్రం పోటీ అందరికీ తెరవాలని తీర్మానం పెట్టాను. మగవాళ్ళు అడ్డుపడతారనుకున్నాను. గట్టిగా లేచింది ఎనభై ఏళ్ళ ఒక పెద్దావిడ, ఒకప్పటి మహిళా కెప్టెన్. "ఇదివరకు కలిసినప్పుడు మా గది పోయింది, కెప్టెన్ పదవి పోయింది. ఇప్పుడు మంగళవారం కూడా పోవాలా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మహిళా విభాగాన్ని పెద్ద సంఘంలో కలిపేద్దామన్నప్పుడు మనం పడే భయం అదే కదా. తీర్మానం మార్చాను. మంగళవారం స్త్రీలకే ఉంటుంది, బుధవారం అందరిదీ. రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. ఆమె ఓటు కూడా పడింది. టీ వంతుల్లో మగవాళ్ళను చేర్చాలన్న రెండో తీర్మానం మాత్రం వాయిదా పడింది.

ఇప్పుడు బుధవారాలు ఆడుతున్నాను. నా టీ వంతు రోజున పాలు, టీ పొడి బల్ల మీద పెట్టి ఆటకు వెళ్ళిపోయాను. ఆ రోజు ఎవరికీ టీ లేదు. తర్వాతి వారం కోశాధికారి వచ్చి, కెటిల్ స్విచ్ ఎక్కడుందని అడిగాడు.