గుర్తుపట్టిన ముఖం

2018 వేసవి. గద్వాల, వనపర్తి వైపు పల్లెల్లో బీట్‌కు వెళ్లిన కానిస్టేబుళ్లకు ఒక వింత కనిపించింది. ఎండాకాలం వస్తే వాకిట్లో మంచాలు వేసుకుని పడుకోవడం అక్కడి అలవాటు. పగలంతా తాగిన వేడిని మిద్దె రాత్రిపూట కక్కుతుంటే లోపల ఎవరు పడుకుంటారు? అలాంటిది ఆ ఏడాది చీకటి పడేసరికి వాకిళ్లు ఖాళీ! తలుపులకు లోపలి నుంచి గొళ్లేలు. చెమటతో తడిసి ముద్దవుతున్నా బయటికొచ్చే ధైర్యం ఎవరికీ లేదు. ఏమిటని ఆరా తీస్తే సెల్‌ఫోన్లు తీసి చూపించారు. పార్థీ ముఠాలు దిగాయట, పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయట, అడ్డొస్తే చంపేస్తున్నాయట... అన్నీ వాట్సప్ కబుర్లే. ఎక్కడివో, ఎప్పటివో వీడియోలు.

అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి తన పరిధిలోని నాలుగు వందలకు పైగా గ్రామాలకు పోలీసులను పంపించారు. డప్పులు కొట్టించి, పాటలు కట్టించి, అవి ఉత్త పుకార్లని ఊరూరా చెప్పించారు. మంచి పని జరిగింది. ఎందుకంటే అదే మే నెలలో తెలంగాణలో మరికొన్నిచోట్ల ఆ పుకార్లనే నమ్మి, దారిన పోయే అమాయకులను జనం కొట్టి చంపారు.

పుకారు పోయింది. దాని అడుగున ఉన్న నమ్మకం మాత్రం పోలేదు. దొంగ అంటే ఊరు, పేరు తెలియనివాడు. ప్రాణం తీసేది వాడే. తాళాలు, గొళ్లేలు, కుక్కలు, కెమెరాలు అన్నీ వాడి కోసమే. మరి ఇళ్లలో దొంగతనానికొచ్చి మనుషుల్ని చంపిన సంఘటనలను దగ్గరగా చూస్తే కనిపించేది ఎవరు?

2025 ఆగస్టు 18, హైదరాబాద్ కూకట్‌పల్లి. అమ్మానాన్నలు పనికి వెళ్లారు. ఆరో తరగతి చదివే అమ్మాయి ఇంట్లో ఒక్కతే ఉంది. మధ్యాహ్నం ఇంటికొచ్చిన తండ్రికి కూతురు రక్తపుమడుగులో కనిపించింది. ఒంటి మీద ఇరవై వరకు కత్తిపోట్లు. నగరం వణికిపోయింది. ఇంత కసి ఎవరికి ఉంటుంది, ఏ పగ అయి ఉంటుందని నాలుగు రోజులు రకరకాల ఊహలు సాగాయి. చివరికి పోలీసులు పట్టుకున్నది పక్క భవనంలో ఉండే పదో తరగతి కుర్రాణ్ణి. వాడు వచ్చింది ఆ అమ్మాయి తమ్ముడి క్రికెట్ బ్యాట్ కోసమని పోలీసులు చెప్పారు. దొంగతనం ఎలా చెయ్యాలో ముందే కాగితం మీద రాసుకున్నాడు. ఇంట్లో ఎవరూ ఉండరనుకున్నాడు. అమ్మాయి ఉంది, చూసింది, అరిచింది. అంతే!

బ్యాట్ కోసం ప్రాణం తీస్తారా అని ఆ వారమంతా టీవీల్లో అడిగారు. అడగాల్సిన ప్రశ్న అది కాదేమో. బ్యాట్ కోసం వచ్చిన పిల్లవాడు ప్రాణం తీసింది బ్యాట్ కోసం కాదు. ఆ అమ్మాయికి తానెవరో తెలుసు కాబట్టి. చూసింది తెలియనివాణ్ణయితే వాడు గోడ దూకి పారిపోవచ్చు. పక్కింటివాడు ఎక్కడికి పారిపోతాడు? సాయంత్రానికల్లా ఆ అమ్మాయి తండ్రి తన తండ్రి ముందు నిలబడతాడు. బడిలో తెలుస్తుంది, వీధిలో తెలుస్తుంది. ఆ క్షణంలో పద్నాలుగేళ్ల బుర్రకు దొంగ అనిపించుకోవడం కంటే పెద్ద ప్రళయం ఇంకోటి తోచలేదు. చేతిలో కత్తి ఉంది. 'ఎందుకైనా మంచిది' అని వెంట తెచ్చుకున్న కత్తి ఇలాంటి వేళ ఎప్పుడూ చెడ్డకే పనికొస్తుంది. ఇక కత్తిపోట్ల సంఖ్య సంగతి. జనం దాన్ని కసి అనుకుంటారు కానీ, చాలాసార్లు అది భయం లెక్క. ఒక్క పోటుతో గొంతు ఆగనప్పుడు చెయ్యి దానంతట అదే లేస్తూ ఉంటుంది.

మూడు వారాలు తిరిగేసరికి అదే కూకట్‌పల్లిలో, కాపలావాళ్లూ కెమెరాలూ ఉన్న పెద్ద అపార్ట్‌మెంట్‌లో యాభై ఏళ్ల గృహిణి హత్య. కాళ్లూచేతులూ కట్టేసి, ప్రెషర్ కుక్కర్‌తో తలపై కొట్టి చంపి, నగలు పట్టుకుపోయారు. పోలీసులు రాంచీలో అరెస్టు చేసిన ఇద్దరిలో ఒకడు ఆ ఇంట్లోనే వంటపనికి కుదిరి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. గేటు దగ్గర వాణ్ణి ఆపేవాళ్లెవరు? రోజూ వచ్చిపోయేవాడే కదా.

సముద్రాలు దాటినా కథ మారలేదు. 2012 అక్టోబరు 22న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, కింగ్ ఆఫ్ ప్రషియాలో ఒక తెలుగు కుటుంబం కుప్పకూలిపోయింది. పది నెలల పసిపాప మాయమైంది. పాపను చూసుకోవడానికి ఇండియా నుంచి వెళ్లిన అరవై ఒక్క ఏళ్ల నాయనమ్మ వంటింట్లో శవమై కనిపించింది. పాపను ప్రాణాలతో వదలాలంటే యాభై వేల డాలర్లు ఇవ్వాలని ఒక చీటీ. అందులో పాప తల్లిదండ్రులను దగ్గరివాళ్లు మాత్రమే పిలిచే ముద్దుపేర్లతో సంబోధించారు. పోలీసులకు దారి చూపింది ఆ ముద్దుపేర్లే. దొరికినవాడు తెలుగువాడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ కుటుంబానికి పరిచయస్తుడు. జూదంలో డబ్బు పోగొట్టుకున్నాడు.

అతను మొదట పోలీసులకు చెప్పిందాని ప్రకారం చంపాలని రాలేదు. పాపను ఎత్తుకెళ్లి డబ్బు రాబట్టుకుందామనే వచ్చాడు. పెద్దావిడ అడ్డుపడింది, పెనుగులాటలో కత్తి దిగింది. పాప ఏడుస్తుంటే నోట్లో రుమాలు కుక్కి, తల చుట్టూ తువ్వాలు కట్టాడు. పసిదాని ఊపిరి ఆగిపోయింది. తర్వాత విచారణలో మాట మార్చి, వేరేవాళ్లు బెదిరించి చేయించారన్నాడు. జ్యూరీ నమ్మలేదు. 2014లో మరణశిక్ష పడింది. చంపాలనుకున్నాడా లేదా అన్నది అతనికే తెలియాలి. కానీ ఒక్కటి ఆలోచిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ముద్దుపేరు తెలిసినంత దగ్గరివాణ్ణి చూసిన పెద్దావిడను ప్రాణాలతో వదిలి వెళ్లే దారి, ఆ తలుపు తట్టిన క్షణం నుంచే అతనికి లేదు.

నోట్లో గుడ్డ కుక్కడం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పిల్లలు, ముసలివాళ్లు ఇలాంటి ఘటనల్లో కత్తి, కర్ర తగలకుండానే చనిపోతుంటారు. గుడ్డ కుక్కితే నాలుక వెనక్కి పోయి గొంతుకు అడ్డం పడుతుంది. జలుబో ఆయాసమో ఉండి ముక్కు కూడా మూసుకుపోయి ఉంటే కొద్ది నిమిషాలే. కట్టేసినవాడు బీరువా వెతుక్కుని వచ్చేసరికి మంచం మీద శవం ఉంటుంది. అరవకుండా చేద్దామనుకున్నాను, చంపాలనుకోలేదు అని తర్వాత ఏడ్చినా పోయిన ప్రాణం రాదు.

తెలియని దొంగలు చంపరని కాదు. చంపుతారు. 2005 జనవరి 9 తెల్లవారుజామున, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే తమిళనాడు సరిహద్దులో, గుమ్మిడిపూండి ఎమ్మెల్యే సుదర్శనం ఇంటి తలుపు బద్దలు కొట్టి లోపలికొచ్చిన ముఠా ఆయన్ను కాల్చి చంపింది. లారీల్లో తిరుగుతూ జాతీయ రహదారుల పక్కనున్న ఇళ్లను ఏళ్ల తరబడి దోచుకున్న ఉత్తరాది ముఠా అది. ఐజీ జాంగిడ్ నాయకత్వంలో ప్రత్యేక బృందం రాష్ట్రాలు గాలించి పట్టుకుంది. 2017లో వచ్చిన 'ఖాకి' సినిమా చూసినవాళ్లకు ఆ కథ తెలిసే ఉంటుంది. బెంగళూరు దగ్గరి దండుపాళ్యం ముఠా సంగతీ అంతే. మిట్టమధ్యాహ్నం మంచినీళ్లు అడిగి లోపలికొచ్చేవారు. ఇలాంటి ముఠాలకు చంపడం అనుకోకుండా జరిగేది కాదు, పనిలో భాగం. ముందు తల పగలగొడతారు, తర్వాతే బీరువా తెరుస్తారు. వీళ్ల పేర్లు దశాబ్దాల తర్వాత కూడా గుర్తుండటానికి కారణం, ఇలాంటివాళ్లు అరుదు కావడమే.

లెక్కలు చూస్తే భయం కాస్త తగ్గుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. అందులో తగాదాల వల్ల జరిగినవి 9,962. డబ్బు, ఆస్తి లాంటి లాభం కోసం చేసినవి 1,884. ఇంటి దొంగతనాల్లో జరిగినవి ఆ 1,884లో ఒక భాగం మాత్రమే. దొంగతనాల కేసులేమో ఏటా లక్షల్లో ఉంటాయి. అంటే దొంగల్లో అత్యధికులు మనిషి అలికిడి వింటే పారిపోయేవాళ్లే. అమెరికా న్యాయశాఖ 2003-2007 మధ్య ఇళ్లలో జరిగిన చోరీలను పరిశీలిస్తే వందలో 28 సార్లు ఇంట్లో మనుషులున్నారు. అలా ఉన్నప్పుడు కూడా హింస జరిగింది నాలుగో వంతుకు కాస్త పైగా. ఆ హింసకు దిగినవాళ్లలో 65 శాతం బాధితులకు తెలిసినవాళ్లే! విడిపోయిన భర్తలు, ప్రియుల గొడవలు కూడా అందులో కలిసే ఉన్నాయి కాబట్టి అంకెను ఉన్నదున్నట్టు మన ఊళ్లకు అంటగట్టలేం. అయినా వేలు చూపించే దిక్కు మాత్రం అదే.

ఇప్పుడు మళ్లీ పల్లెకు వద్దాం. వీపనగండ్లనే తీసుకుంటే, ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి వనపర్తి జిల్లా. అక్కడేదో ఘోరం జరిగిందని కాదు. 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశంలోని ఆనకట్టలన్నిటికీ తెలిసిన ప్రాంతం కాబట్టి చెప్పుకోవడం. కాలువల నీళ్లొచ్చాక వలస తగ్గినా, చదువులకూ కొలువులకూ పట్నం బాట పట్టిన పిల్లలు తిరిగి రాలేదు. ఇలాంటి ఊళ్లలో పగటిపూట వీధి వెంట నడిస్తే కొన్నిళ్లకు తాళాలు, కొన్నిళ్లలో ఒక్క ముసలి ప్రాణం. చెవులకు కమ్మలు, మెడలో గుండ్ల దండ. కొడుకు డబ్బు పంపాడన్నా, వడ్లు అమ్మిన పైసలు చేతికొచ్చాయన్నా, మనవరాలి పెళ్లికి బ్యాంకు నుంచి బంగారం విడిపించారన్నా ముందు తెలిసేది ఎవరికి? హర్యానా లారీ డ్రైవరుకా? నల్లా దగ్గరా, కిరాణా కొట్టు అరుగు మీదా కూర్చున్నవాళ్లకు.

ఊళ్లో పెద్దవాళ్లకు ఇంకో అలవాటు ఉంది. ఎదురొచ్చిన కుర్రాణ్ణి పేరుతో కాదు, తండ్రి పేరుతో పట్టుకుంటారు. "నువ్వు ఫలానావాని కొడుకువు గాదురా?" అంటారు. అది ప్రేమ, పలకరింపు. తప్పు చేస్తే అదే మందలింపు కూడా. ఆ ఒక్క మాటకు సిగ్గుపడి తల వంచుకున్న పిల్లలు తరతరాలుగా ఎందరో. కానీ అర్ధరాత్రి బీరువా ముందు, మొహానికి గుడ్డ కట్టుకుని, అప్పుల్లోనో తాగుడులోనో మునిగినవాడు నిలబడి ఉన్నప్పుడు అదే మాట నోటి నుంచి వస్తే? అప్పటిదాకా వాడికి తప్పించుకునే దారి ఒకటుంది. ఆ మాటతో అది మూసుకుపోతుంది.

అందుకే గుర్తుపట్టినా పట్టనట్టు ఉండటమే మేలు. మొహం మీది గుడ్డ లాగకూడదు. తలుపుకు అడ్డం నిలబడకూడదు. అడిగింది ఇచ్చేసి, పోనివ్వాలి. గుర్తుపట్టిన సంగతి వాడు వెళ్లాక 100కో 112కో చెప్పొచ్చు. రాత్రివేళ ఇంట్లోకి చొరబడినవాణ్ణి ఎదిరించే హక్కు చట్టం ఇచ్చింది, అవసరమైతే ప్రాణం పోయేదాకా కూడా. కానీ డెబ్బై ఏళ్ల అవ్వ చేతిలో ఆ హక్కు ఎంతవరకు పనిచేస్తుంది? అవతలివాళ్లకు తెలియాల్సిన చట్టమూ ఒకటుంది. ఐదుగురో అంతకంటే ఎక్కువో కలిసి దోపిడీకి వెళ్లి ఒక్కడు హత్య చేసినా, మిగతా అందరికీ యావజ్జీవమో మరణశిక్షో పడొచ్చు. పదేళ్లకు తక్కువ శిక్ష లేదు. 'నేను వీధిలో కాపలా మాత్రమే ఉన్నా' అన్న మాట కోర్టులో చెల్లదు.

ఇవన్నీ అవ్వకు ఎవరు చెప్పాలి? పండక్కి ఊరికొచ్చిన కొడుకే చెప్పాలి. పైసలు వచ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దని, బంగారం బ్యాంకులో పెడదామని, పక్కింటివాళ్ల నంబరు ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కితే తగిలేలా పెట్టానని. అవ్వ అన్నీ వింటుంది. ఫోన్ సంగతి సరేనంటుంది. పైసల సంగతి సరేనంటుంది. బంగారం దగ్గరికొచ్చేసరికి చెయ్యి చెవి మీదికి పోతుంది.

"కమ్మలు లేకుంట నలుగుర్ల ఎట్ల తిరుగాలె బిడ్డా? మీ నాయిన చేయించినయి."