పాట ఊరంతటికీ... రాబడి ఎవరికి?

కిరండూల్ (బస్తర్): బైలాడీలా కొండల ఇనుప ఖనిజం కిరండూల్‌లో రైలెక్కి విశాఖపట్నం చేరుతుంది. ఇదే బస్తర్ ప్రాంతం నుంచి 2021లో ఒక ప్రేమపాట దేశమంతటా మారుమోగింది. పొరుగున ఉన్న సుక్మా జిల్లా బాలుడు సహదేవ్ దిర్దో పాఠశాలలో పాడిన ‘బచ్‌పన్ కా ప్యార్’ వీడియో సామాజిక మాధ్యమాల్లో వైరల్ అయింది. నాటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఆ బాలుడిని పిలిపించుకొని పాట విన్నారు. ఆగస్టులో ర్యాపర్ బాద్‌షా అతడితో కలిసి కొత్త రూపంలో విడుదల చేయగా, యూట్యూబ్‌లో కోట్ల వీక్షణలు వచ్చాయి.

అయితే ఆ పాటను తొలుత పాడింది గుజరాత్ గాయకుడు కమలేశ్ బారోట్. ఒక విజయం వెనుక ఇందరి శ్రమ ఉన్నప్పుడు రాబడి పంపకమే అసలు ప్రశ్న. 2012 నాటి కాపీరైట్ సవరణ చట్టం రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా కల్పించింది. వాణిజ్య వినియోగంపై గాయకులకూ రాయల్టీ హక్కునిచ్చింది. కానీ ఒప్పంద పత్రం చదవలేని మారుమూల కళాకారుడికి ఆ హక్కు కాగితానికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

ఖనిజం తవ్వే ప్రాంతాల ప్రజల కోసం 2015లో చట్టసవరణతో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. పాట పుట్టిన ఊరికి అటువంటి ఏర్పాటు లేదు. అక్కడి గాయకుడికి సంతకానికి ముందే న్యాయ సలహా అందడం అత్యవసరం.