తీర్పు దినాన అడిగే ప్రశ్న

మన హాస్టల్లో ఆదివారం చర్చికి వెళ్ళేవారున్నారు. శనివారం ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టేవారున్నారు. అంబేద్కర్ గారి పటానికి తప్ప మరెవరికీ దండం పెట్టనివారూ ఉన్నారు. అయినా క్రైస్తవులు చెప్పే 'తీర్పు దినం'లో మనందరం ఆలోచించదగ్గ విషయం ఒకటుందని నా అభిప్రాయం.

తీర్పు అనగానే నిప్పుల గుండం, నరకం గుర్తొస్తాయి. మీటింగుల్లో మైకులు పెట్టి ఎక్కువగా చెప్పేదీ అదే. కానీ మత్తయి సువార్త 25వ అధ్యాయం తీసి చూడండి. అక్కడ న్యాయాధిపతి ఎన్ని ప్రార్థనలు చేశావని అడగడు, కానుక ఎంత వేశావనీ అడగడు. ఆయన లెక్క చూసేవి ఆరే: ఆకలి, దాహం, నిలువ నీడ, బట్ట, జబ్బు, జైలు. పేదవాడికి చేసింది నాకు చేసినట్టే, చేయనిది నాకు చేయనట్టే అన్నది ఆ తీర్పు సారాంశం. శిక్ష పడినవాళ్ళు దొంగతనం చేశారనో, హత్య చేశారనో అక్కడ లేదు. చేయాల్సింది చేయలేదు, అంతే. పైగా వాళ్ళు, నిన్ను ఎప్పుడు చూశామని ఎదురు అడుగుతారు. కళ్ళెదుట ఉన్నవాణ్ణి చూడకపోవడమే వాళ్ళ నేరం.

లూకా సువార్త 16వ అధ్యాయంలో ఇంకో కథ ఉంది. ధనవంతుడు రోజూ విందు చేసుకుంటాడు. అతని వాకిట్లోనే లాజరు ఒళ్ళంతా పుళ్ళతో పడి ఉంటాడు. ఆ కథలో పేదవాడికి పేరుంది, ధనవంతుడికి లేదు. మన లోకంలో అంతా తలకిందులు. షాపు బోర్డు మీదా, శిలాఫలకం మీదా డబ్బున్నవాడి పేరే. కూలివాడు మాత్రం 'ఒరేయ్' అని పిలిస్తే పలకాలి.

"ఇక్కడ కష్టాలు ఓర్చుకోండి, పరలోకంలో సుఖపడతారు అని పేదలను జోకొట్టడానికే కదా ఈ మాటలన్నీ?" అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నిరీక్షణను అలా వాడుకున్నవాళ్ళు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. అయితే బైబిల్లోనే పశువులు కాచుకునే ఆమోసు అనే ప్రవక్త, పేదల్ని తొక్కినవాళ్ళకు దేవుని దినం వెలుగు కాదు, చీకటి అని హెచ్చరించాడు. యాకోబు పత్రిక, కోత కోసిన కూలీల దగ్గర బిగబట్టిన కూలి డబ్బులే దేవుడి ముందు మొరపెడతాయంటుంది. ఇవి జోకొట్టే మాటలు కావు. కూలి ఎగ్గొట్టినవాడికి నిద్ర పట్టనివ్వని మాటలు.

మన ప్రాంతం చరిత్రే చూద్దాం. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు చుట్టుపక్కల పల్లెలు మాడిపోయాయి. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి పని, కూలి దొరికేలా చూశాడు. కూలికి వచ్చినవాళ్ళలో చాలామంది మాదిగలు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారకూడదన్నాడు. కరువు పనులు ఆగిన తర్వాతే, 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మత మార్పిడి మీద ఎవరి అభిప్రాయం వారిది. నేను గ్రహించింది మాత్రం ఇది: ఆకలిగొన్నవాడికి ముందు పని, కూలి, అన్నం. అందుకు షరతు ఉండకూడదు.

ఇక మన సంగతి. మనం తిన్న అన్నం ఎవరి దయా కాదు. బలహీనవర్గాల చదువును ప్రభుత్వం చూడాలని రాజ్యాంగం 46వ అధికరణం చెబుతోంది. సబ్బుబిళ్ళ కొన్న కూలితల్లి కట్టిన పన్ను కూడా మన మెస్ ఛార్జీల్లో ఉంది. కాబట్టి అది మన హక్కు. కానీ హక్కుగా తిన్న అన్నానికి బాధ్యత కూడా ఉంటుంది. నిన్న మనం లాజరులా వాకిట్లో ఉన్నాం. ఉద్యోగం వచ్చి, ఇల్లు కట్టుకుని, గేటు పెట్టించుకున్నాక మనం ఎవరం?

కోలార్ బంగారు గనుల్లో పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ కూడా ఎస్సీ హాస్టల్లో ఉండి చదివినవారే. ఆయన చదువుకుని తన దారి తాను చూసుకోలేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలివ్వాలని 2014లో తీర్పు వచ్చింది. 2016లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది. తీర్పు దినం వచ్చేదాకా ఆగకుండా, ఇక్కడే తీర్పు తెప్పించారు.

అందరం అంత చేయలేకపోవచ్చు. సీటు కోసం వచ్చి అప్లికేషన్ నింపడం తెలియక గేటు దగ్గర నిలబడ్డ తల్లికి ఒక అరగంట ఇవ్వలేమా? పదో తరగతి తప్పిన తమ్ముడికి లెక్కలు చెప్పలేమా? మనకు వండిపెట్టిన వంటమనిషికి జీతం ఆగితే మనం ఒక అర్జీ రాయలేమా? పూర్వ విద్యార్థులు ఏడాదికోసారి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళిపోతే సరిపోతుందా?

దేవుణ్ణి నమ్మేవారికి ఈ ప్రశ్న ఆయన అడుగుతాడు. నమ్మనివారిని రేపు ఈ హాస్టల్లో చేరబోయే పిల్లలే అడుగుతారు. ఎవరు అడిగినా ప్రశ్న ఒకటే: నీ కడుపు నిండాక, పక్కవాడి కంచం వైపు చూశావా?