మాటలకు కొదవ లేదు, అడిగే నోరే లేదు

శామీర్‌పేట బస్టాపు దగ్గర ఏ చాయ్ హోటల్లోనైనా పొద్దున్నే ఓ అరగంట కూర్చోండి. ట్రంప్ సుంకాల నుంచి ఢిల్లీ ఎత్తుగడల దాకా, ఏ ఎమ్మెల్యే ఏ పార్టీలోకి దూకుతాడన్న దాకా అన్నీ చెవిన పడతాయి. మేడ్చల్ మార్కెట్లో అదే ముచ్చట. కొంపల్లి, తూంకుంట అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా అదే రచ్చ. పార్టీల పేరు మీద తిట్టుకుంటారు, అలిగి గ్రూపులోంచి వెళ్లిపోతారు, తెల్లారి మళ్లీ చేరతారు. ఇంత రాజకీయం మాట్లాడే మనుషుల్ని ఒక్క మాట అడగాలని ఉంది: మీ ఊరి పంచాయతీ ఏమైంది?

2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు తీరిపోయింది. ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారులు వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 గ్రామపంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. శామీర్‌పేట వెళ్లి తూంకుంటలో కలిసింది. ఐదు నెలలు తిరక్కుండానే, 2025 జనవరిలో, మున్సిపల్ పాలకవర్గాల గడువు కూడా ముగిసింది. మళ్లీ ప్రత్యేకాధికారులే. ఆ ఏడాది డిసెంబరులో మేడ్చల్, గుండ్లపోచంపల్లి, కొంపల్లి, తూంకుంట, జవహర్‌నగర్, దమ్మాయిగూడ, నాగారం సహా 27 పట్టణ సంస్థలను ఒక్క దెబ్బతో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. దాంతో జీహెచ్‌ఎంసీ 150 వార్డులు 300 అయ్యాయి.

పదిహేను నెలల్లో శామీర్‌పేట పల్లె నుంచి పట్నం అయింది, పట్నం నుంచి మహానగరంలో ఓ ముక్క అయింది. ఈ రెండు మార్పుల్లో దేనికీ ఆ ఊరి జనాన్ని ఓటు అడగలేదు. తమ మీద ఎవరు పన్ను వేస్తారో, తమ చెరువు ఎవరి చేతిలో ఉంటుందో, తమ వీధి దీపం ఎవరు వెలిగిస్తారో, ఆ ఊరివాళ్లకు చెప్పే దిక్కు లేకుండా తేలిపోయింది. మరి అదే కాలంలో చాయ్ హోటల్లో ఏం నడిచింది? మెట్రో ఎక్కడ ఆగుతుంది, గజం ఎంత పలుకుతుంది. 2025 మొదటి రోజునే ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు మెట్రో అని ముఖ్యమంత్రి ప్రకటించారు కదా, ఆ ముచ్చటే ఏడాదంతా సాగింది. పంచాయతీ పోయిందన్న ఊసు ఎత్తినవాడు లేడు. ఎత్తిన ఒకరిద్దరి మాట పట్టించుకున్నవాడూ లేడు.

మొన్న అట్లాంటి ఓ హోటల్ ముందే చూశాను. ఒక అవ్వ చేతిలో పాత ఇంటిపన్ను రసీదులు పట్టుకుని నిలబడింది. "మా వాడకట్టుల మోరీ పొంగి ఇంట్లకొస్తుంది బిడ్డా. ఇదివరకు సర్పంచ్ ఇంటికి పోయి కొట్లాడుతుంటి. ఇప్పుడు ఎవరింటికి పోవాలె?" అని అడిగింది. బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉన్నారు. అందరూ చదువుకున్నవాళ్లే, అందరూ రోజూ టీవీ చర్చలు చూసేవాళ్లే. ఒకాయన తల కూడా తిప్పకుండా "ఆఫీసుకు పో అవ్వా" అన్నాడు. ఏ ఆఫీసుకో ఆయనకూ తెలియదు. ఆమె ఇంకో నిమిషం నిలబడి వెళ్లిపోయింది. బిహార్‌లో ఎవరు ఎందుకు గెలిచారన్న వాదన ఆగిన చోటి నుంచే మొదలైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

జవహర్‌నగర్ సంగతి వేరే చెప్పాలా? ఒకప్పుడు శామీర్‌పేట మండలంలోని ఊరే. హైదరాబాద్ చెత్త రోజూ వేల టన్నులు అక్కడికే పోతుంది. ఇరవై ఏళ్లు దాటింది. ఆ చెత్త గుట్టకు పైన మట్టి కప్పారు, గడ్డి నాటారు. కింది నుంచి కారే నల్ల నీళ్లు మల్కారం చెరువును ఎప్పుడో మింగేశాయి. గాలి తిరిగితే దమ్మాయిగూడలో కిటికీలు మూసుకోవాలి. ప్రతి ఎన్నికకూ ప్రతి పార్టీవాడూ ఆ కంపు పీల్చి, మాట ఇచ్చి పోతాడు. ఆ కంపు గురించి మన వాదనల్లో ఒక్క సాయంత్రం కూడా గట్టిగా గడవదు. ఎందుకంటే అది మన ఇంటిదాకా రాలేదు. వస్తే కిటికీ మూస్తాం.

ఇక ఓటు సంగతి. మల్కాజిగిరి లోక్‌సభ స్థానం ఓటర్ల సంఖ్యలో దేశంలోనే పెద్దది. మేడ్చల్, శామీర్‌పేట అందులోనివే. 2024లో 37 లక్షలకు పైగా ఓటర్లు ఉంటే పోలింగ్ 51 శాతానికి చేరలేదు. పక్కనే ఉన్న భువనగిరిలో అదే రోజు 76 శాతం దాటింది. అక్కడివాళ్లకు ఎండ లేదా? పనులు లేవా? 2019లో ఇక్కడ గెలుపు ఓటముల మధ్య తేడా 10,919 ఓట్లు. ఆ రోజు ఇల్లు కదలనివాళ్లు 15 లక్షల పైమాటే. సొంతూళ్లో ఓటు ఉండి అక్కడికి వెళ్లినవాళ్లు కొందరున్నారు, పేరు గల్లంతై తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఏమీ అనను. కానీ సెలవు వచ్చిందని దుప్పటి ముసుగేసి, సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఈవీఎంల మీద తీర్పులు చెప్పినవాళ్ల సంగతేంటి?

పాలకులకు ఈ లెక్క బాగా తెలుసు. ఇక్కడి జనం ఎంత అరిచినా బల్ల దాటరని తెలుసు. అందుకే పంచాయతీ తీసేసేముందు ఊరి గడప తొక్కలేదు. ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదా వేసినా నిలదీసేవాడు లేడని వాళ్లకు ధైర్యం. ఆ ధైర్యం ఇచ్చింది మనమే. పాలకుల నిర్లక్ష్యాన్ని క్షమించమని అనడం లేదు. మన నిర్లక్ష్యమే దానికి ఎరువు అంటున్నాను.

రాజకీయం మాట్లాడటం తప్పు కాదు. ఈ నేల మీద రచ్చబండలే ఉద్యమాలను పుట్టించాయి. తెలంగాణ కోసం ఊరూరా రిలే దీక్షల టెంట్లు వేసింది ఇట్లాంటి ముచ్చట్లు పెట్టుకున్న మనుషులే. వాళ్లు మాట్లాడి ఊరుకోలేదు, లేచి నడిచారు.

కాబట్టి ఈ ముచ్చట చదివినవాళ్లకు నా మనవి ఇది. రేపు చాయ్ చెప్పేముందు మీ వార్డు ఏదో, దాని హద్దులు ఏవో తెలుసుకోండి. ఓటర్ల జాబితాలో మీ పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు ఉన్నాయో లేవో ఈ వారమే చూసుకోండి. మోరీకి, చెరువుకు, చెత్తకు జవాబుదారీ ఎవరో పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో రాసి అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలని 2005 నాటి చట్టం చెబుతోంది. అట్లాంటి అవ్వ ఎవరైనా మీ ముందుకొచ్చి నిలబడితే, ముందు లేచి కుర్చీ వేయండి. ఆ తర్వాత ఆమెతో పాటు ఆ ఆఫీసుకు మీరూ నడవండి.