వైట్ ఫాంగ్ మనింటి కుక్క కాదు

జాక్ లండన్ 1906లో రాసిన 'వైట్ ఫాంగ్' చదివారా? ముప్పావు వంతు తోడేలు, పావు వంతు కుక్క. యూకాన్ మంచులో పుట్టి, మనుషుల చేతుల్లో నానా హింసలూ పడి, చివరికి ఒక మనిషి ప్రేమకి లొంగి, శాంటా క్లారా లోయలో కూనల మధ్య ఎండ కాగుతూ పడుకుంటుంది. అవును, ఇవాళ ఇంతమంది తెలుగువాళ్ళం కాపురాలుంటున్న సిలికాన్ వ్యాలీయే. ఆ ముగింపు నాకు చాలా ఇష్టం. నా పేచీ కూడా దానితోనే.

ప్రేమిస్తే తోడేలైనా కుక్కవుతుందని ఆ కథ నమ్మిస్తుంది. అమెరికాలో తోడేలు-కుక్క సంకరం పిల్లల్ని కొనేవాళ్ళ నమ్మకమూ అదే. కానీ మచ్చిక కావడం వేరు, పెంపుడు జాతి కావడం వేరు. మొదటిది ఒక్క జంతువు బతుకులో జరుగుతుంది. రెండోదానికి తరాలు పట్టాలి. కుక్క తోడేలు నుంచి విడిపోయి కనీసం 15 వేల ఏళ్ళయింది. ఆ దూరాన్ని మనం ఒక పాలసీసాతో దాటలేం.

పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. రెండేళ్ళు వచ్చి ఈడేరాక అసలు సంగతి మొదలవుతుంది. కంచె కింద తవ్వుతుంది, పైనుంచి దూకుతుంది, తిండి దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. పరిగెత్తే పసివాడు దాని కంటికి వేటలా కనిపించవచ్చు. అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. తోడేలు పాలు తక్కువున్నవి కుక్కల్లాగే మసలుకోవచ్చు. కానీ ఒకే ఈతలో పుట్టినవాటిలోనే ఏది ఎటు పోతుందో ముందుగా చెప్పలేం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మనం తిట్టుగా అంటాం. తోడేలు తోడేలులా ఉండటం దాని తప్పా?

శిక్ష మాత్రం దానికే. కుక్కలకున్నట్టు ఈ సంకరాలకి అమెరికాలో అధికారికంగా ఆమోదం పొందిన రేబిస్ టీకా లేదు. టీకా వేయించిన కుక్క కరిస్తే పది రోజులు కట్టేసి చూస్తారు. ఇది కరిస్తే, చంపి మెదడు పరీక్ష చేసే అవకాశమే ఎక్కువ. మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో వీటిని కొత్తగా పెంచుకోవడమే నిషేధం. చాలా షెల్టర్లు వీటిని దత్తతకివ్వవు. వాషింగ్టన్‌లో టెనైనో దగ్గరున్న వుల్ఫ్ హేవెన్ లాంటి ఆశ్రయాలు కొన్నిటినే ఆదుకోగలవు.

తోడేలు మీద నిజంగా మోజుంటే యెల్లోస్టోన్ వెళ్ళండి. 1995లో మళ్ళీ వదిలిన తోడేళ్ళ సంతతి అక్కడుంది. తెల్లవారుజామున లామార్ లోయలో చలికి వణుకుతూ, దూరాన్నుంచి చూడండి. అది మన వంక చూడకుండా తన దారిన తను పోతుంది. మనకి నచ్చింది ఆ తలపొగరే కదా, దాన్ని గొలుసు వేసి ఇంటికెందుకు తేవడం?