శీతకాలమున అంజూరపు మడి



“మా అంజూరము ఆకులన్నియు రాల్చి మోడై నిలిచినది. చచ్చినదేమో?” అని కడపనుండి యొక సోదరి వ్రాసినారు. చావలేదమ్మా, నిద్రించుచున్నది. మఱ్ఱి దీనికి జ్ఞాతియే యైనను ఇట్లు బోడిగా నిలువదు గనుక మనకు భయము కలుగును.

ఈ సంగతి యెఱుగక మే మొక చెట్టును చంపుకొంటిమి. 2021 నవంబరు వానలకు మా పెరటి నల్లరేగడిలో నీరు నిలిచి మొక్కలు కుళ్లినందున, మఱుసటియేట కడపబండలు నిలువునఁ బాతి, అడుగున్నర యెత్తు మడి కట్టి, అత్తగారు పుట్టినింటినుండి తెచ్చిన కొమ్మను నాటితిమి. అది యేపుగా పెరిగినది. మార్గశిరమున ఆకు రాలగానే, దప్పిక యనుకొని రెండుపూటల నీరు పోసితిమి. మాఘమునకు మొదలు మెత్తబడెను. త్రవ్విచూడగా వేళ్లు నల్లబడియుండెను. అత్తగారు మమ్మొక్కమాట యనలేదు. ఆ రాత్రి అన్నము మాత్రము ముట్టలేదు. ఆమె మునుపే పొరుగింటి కిచ్చిన కొమ్మ చెట్టై యుండుటచే, దానినుండి మరల కొమ్మ తెచ్చుకొంటిమి. ఇప్పుడున్న దదియే.

న్యూజెర్సీలోని మా చెల్లెలు చలికాలమున తన చెట్టునకు గోనెపట్టా చుట్టునట. అచట ఎత్తు మడిలోని మట్టి ప్రక్కలనుండియు గడ్డకట్టును. మన కా బాధ లేదు. మనకు శత్రువు అతిప్రేమయే. అట్లని మడిని బొత్తిగా మఱచినను ముప్పే. ఎత్తున నున్న మట్టి నేలకంటె త్వరగా నెండును. వ్రేలిని రెండంగుళములు దింపి చూచి, తడి తగిలినచో నీరు పోయకుడు. వేరుసెనగ పొట్టు మూడంగుళముల మందమున పఱచుడు; మొదటికి జానెడు దూరము విడువనిచో చెదలు పట్టును. త్రుప్పు తెగులు మచ్చలున్న ఆకులను మడిలో నుంచక యేరి కాల్చవలెను.

పుష్యమాసాంతమున, చిగుళ్లు రాకమునుపే, ఎండుకొమ్మలను అడ్డదిడ్డపు కొమ్మలను కత్తిరింపవచ్చును. క్రొత్త కొమ్మలమీదనే కాయ లెక్కువగా వచ్చును. దాని పాలు తగిలిన చర్మము మండును. చేతులకు గుడ్డ చుట్టుకొనుడు, పిల్లలను దగ్గఱకు రానీయకుడు. ఎరువు చిగురు కనబడినపిదపనే.

కడప సోదరికి ఒక మాట: కొమ్మమీద గోటితో మెల్లగా గీయుడు. బెరడుక్రింద పచ్చగా నున్నచో చెట్టు బ్రదికియున్నది. చూచి మాకు వ్రాయుడు.