టెస్టుకు ముందు మూడు రోజుల లెక్క

దగ్గితే తుమ్మితే చుక్కలు పడుతున్నాయన్న మాట మన ఆడవాళ్లు ముందు అక్కకో తోటికోడలికో చెప్పుకుంటారు. "పిల్లల్ని కన్నాక మామూలేలే" అంటారు వాళ్లు. అలా ఏళ్లు గడిచాక ఆస్పత్రి గడప తొక్కితే, నాలుగు ప్రశ్నలైనా అడక్కుండానే యూరోడైనమిక్ టెస్టు రాసిచ్చేవాళ్లు ఉన్నారు. నా పేచీ ఆ తొందరతోనే.

ఆ టెస్టు సులువైందేం కాదు. ముందు మెషిన్‌కు బిగించిన గరాటులో మూత్రం పోయమంటారు. ధార వేగం గ్రాఫుగా వస్తుంది. తర్వాత మూత్రాశయంలోకి ఒక సన్నటి గొట్టం, మలద్వారంలోకి ఇంకొకటి పెడతారు. రెండోది దేనికంటే, దగ్గినప్పుడు పొట్ట ఒత్తిడి మూత్రాశయం మీదా పడుతుంది. దాన్ని తీసేసి చూస్తేగానీ మూత్రాశయం కండరం తనంతట తాను బిగుసుకుంటోందో లేదో తేలదు. సెలైన్ ఎక్కిస్తూ "వస్తున్నట్టుందా అమ్మా? ఏదీ, ఓసారి దగ్గండి" అంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు కారిపోవడమే అక్కడ పని. నొప్పికన్నా సిగ్గే ఎక్కువ బాధిస్తుంది. తర్వాత కాస్త మంట, కొందరికి ఇన్ఫెక్షన్.

ఇంత అవస్థా పడ్డాక వైద్యంలో ఏదైనా తేడా రావాలి కదా! అమెరికాలో ప్రధానంగా దగ్గు తుమ్ములకే కారుతూ, వేరే చిక్కులేమీ లేకుండా ఆపరేషన్‌కు సిద్ధమైన 630 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ టెస్టు చేశారు, రెండో జట్టును డాక్టరు మామూలుగా చూసి సరిపెట్టారు. ఏడాది తిరిగాక రెండు జట్లలోనూ నూటికి దాదాపు 77 మందికి గుణం కనిపించింది. ఇది 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది.

అలాగని టెస్టు దండగ అనను. ముందే ఒకసారి ఇదే సమస్యకు ఆపరేషనై మళ్లీ మొదలైనవాళ్లకు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు, మూత్రం పూర్తిగా దిగనివాళ్లకు అది కావాల్సిందే. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్ల సంగతి చూడండి. వాళ్లలో కొందరికి మూత్రాశయం నిండినా కబురు తెలియదు, పొంగి కారుతుంది. దాన్ని ఆపుకోలేక పరుగెత్తించే అర్జంటు జబ్బనుకుని మూత్రాశయాన్ని వదులు చేసే మాత్రలిస్తే, అసలే ఖాళీ కానిది ఇంకా మొండికేస్తుంది. మూత్రం మిగిలిపోతోందని స్కానింగ్ చెబుతుంది. మిగలడానికి కారణం కండరం నీరసమా, దారిలో అడ్డా అన్నది ఈ టెస్టే తేల్చాలి.

మిగతావాళ్లకు ముందు కావాల్సింది ఒక నోటుపుస్తకం, ఒక కొలత మగ్గు. మూడు రోజులపాటు ఎన్నింటికి ఎంత తాగారు, ఎంత పోశారు, ఎప్పుడు కారింది అని రాసుకోవాలి. టీలెన్ని పడుతున్నాయో, బస్సెక్కాలని నీళ్లెలా మానేస్తున్నారో అందులోనే బయటపడుతుంది. ఆపైన కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం మూడు నెలలు, అదీ సరిగ్గా నేర్పేవాళ్ల దగ్గర. ఇవేవీ చేయించకుండా టెస్టు రాస్తే మొహమాటం లేకుండా ఒక్క ప్రశ్న అడగండి: "డాక్టరుగారూ, రిపోర్టు ఎలా వచ్చినా మీరిచ్చే వైద్యం ఒకటేనా?"